అక్వేరియం మొక్కలు ఎందుకు పాడవుతాయి: చెన్నై నీళ్ల లెక్క

అక్వేరియంలో మొక్కల ఆకులు పండుబారడం మొదలవగానే చెన్నైలో చాలామంది చేసే మొదటి పని, ఆదివారం అక్వేరియం దుకాణాలుండే కొళత్తూరు వెళ్లి ఒక ఎరువు సీసా కొనుక్కురావడం. రెండు వారాలు మూత కొలతతో పోస్తారు. మొక్క కోలుకోదు గానీ అద్దం మీద నాచు మాత్రం ఏపుగా పెరుగుతుంది. తర్వాత లైటు మారుస్తారు, ఆ తర్వాత అడుగున ఉన్న ఇసుక మారుస్తారు. ఆఖరికి ప్లాస్టిక్ మొక్కలు పెట్టేసి, ఇవి మన ఇంటికి అచ్చిరావు అని తేల్చేస్తారు.

అచ్చిరాకపోవడానికి కారణం చాలాసార్లు ఈ వరసలోనే ఉంటుంది. ఆకు రంగు చూసి లోపం పేరు చెప్పే పట్టికలు ఫోన్‌లో బోలెడు దొరుకుతాయి. లేత ఆకు పాలిపోతే ఇనుము, చిల్లులు పడితే పొటాషియం అంటాయి. అవి తప్పు కావు. కాకపోతే వాటిలో ఎక్కువ భాగం పొలం పంటల అనుభవం నుంచి వచ్చింది. పొలంలో పైరుకు గాలికీ ఎండకీ కొదవ ఉండదు, కాబట్టి లోపాన్ని మట్టిలో వెతికితే సరిపోతుంది. తొట్టిలో మొక్కకు వెలుతురు కొదవే, కార్బన్ డయాక్సైడ్ కొదవే, పోషకాలూ కొదవే. వీటికి తోడు చెన్నైలో ఆ మొక్క నిలబడ్డ నీళ్లే సీజన్‌ని బట్టి మారిపోతుంటాయి. అందుకే ఈ ఊళ్లో ఆకును చూసే ముందు అడగాల్సింది ఒకటుంది: గత రెండు నెలల్లో తొట్టిలోకి ఏ నీళ్లు వెళ్లాయి?

మొక్క ఎదుగుదల అన్నిటికంటే తక్కువగా దొరుకుతున్న దాని దగ్గర ఆగిపోతుందని జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ ష్ప్రెంగెల్ 1828లోనే చెప్పాడు. 1840 తర్వాత యుస్టుస్ ఫాన్ లీబిగ్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. కొరవడింది కాల్షియమైతే ఇనుము ఎంత పోసినా ఉపయోగం లేదు. కొరవడింది కార్బన్ డయాక్సైడ్ అయితే సీసాలో ఉన్నదేదీ పనికిరాదు. మొక్క వాడుకోలేని పోషకం నీళ్లలోనే ఉండిపోతుంది, వెలుతురు తోడైతే దాన్ని నాచు అందుకుంటుంది. ఎరువు పోసినకొద్దీ అద్దాలు పచ్చబడటం వెనుక ఉన్న సంగతి ఇదే.

ఏ నీళ్లు?

చెన్నై కుళాయి నీళ్లకు ఒకే ఊట లేదు. పూండి, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు ఉన్నాయి. 1983 ఒప్పందంతో మొదలైన తెలుగు గంగ పథకం కింద నెల్లూరు జిల్లా కండలేరు నుంచి కాలువలో వచ్చే కృష్ణా నీళ్లున్నాయి, అవి 1996లో మొదటిసారి పూండికి చేరాయి. 2004 నుంచి కడలూరు జిల్లా వీరాణం చెరువు నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు మీంజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో పనిలోకి వచ్చాయి. ఏ నెలలో ఏ పేటకు దేని నీరు ఎంత పాళ్లలో వస్తుందో ఇంట్లో కూర్చున్నవాళ్లకు తెలిసే దారి లేదు. పెరంబూర్‌లో ఉన్న నెల్లూరు కుటుంబం తొట్టిలో నీళ్లు ఒక నెల వాళ్ల సొంత జిల్లా నుంచి వచ్చినవే కావచ్చు. వేళచ్చేరిలో ఉన్న వాళ్ల బంధువుల తొట్టిలో ఉన్నది బంగాళాఖాతం నీరు కావచ్చు.

ఇది కుళాయి వరకే. అపార్ట్‌మెంట్లలో మెట్రో వాటర్ (నగర కుళాయి నీళ్లు), బోరు నీళ్లు, లారీ నీళ్లు మూడూ ఒకే సంపులో కలుస్తాయి. మెట్రో వాటర్ తగ్గిన నెలలో బోరు వాటా పెరుగుతుంది, బోరు అడుగంటితే లారీ వస్తుంది. తీరానికి దగ్గరగా ఉన్న పేటల్లో బోరు నీళ్లు ఉప్పదనానికి తిరగడం కొత్త విషయం కాదు. 2019 వేసవిలో జలాశయాలు ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెప్పించిన రోజుల్లో, చాలా ఇళ్లకు లారీయే దిక్కయింది. అలాంటి వేసవిలో ఒకే కుళాయి నుంచి వచ్చే నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) వందల్లో తేడా చూపిస్తుంది. వారం వారం శ్రద్ధగా నీళ్లు మార్చే ఇంట్లో, ఆ శ్రద్ధే మొక్కను ప్రతి వారం కొత్త నీటికి అలవాటు పడమని బలవంతపెడుతుంది. క్రిప్టోకొరైన్ (క్రిప్ట్) లాంటి మొక్కలు ఈ మార్పును అసలు ఓర్చుకోవు. వారంలోపే ఆకులన్నీ జిగురుగా కరిగిపోతాయి.

వీటన్నిటికంటే దొంగచాటుగా దెబ్బ కొట్టేది సాఫ్ట్‌నర్. బోరు నీళ్లు గట్టిగా (కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా) ఉంటాయని అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు మోటారు గది పక్కన పెద్ద సిలిండర్ పెట్టిస్తాయి, నెలకిన్ని ఉప్పు బస్తాలు అందులోకి వెళ్తుంటాయి. ఆ యంత్రం నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బదులుగా సోడియంను వదులుతుంది. 20 మిల్లీగ్రాముల కాల్షియం పోతే 23 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది. అంటే టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే అంకె తగ్గదు, వెంట్రుకవాసి పెరుగుతుంది కూడా. మీటర్ చూసినవాళ్లు నీటిలో ఖనిజాలు దండిగా ఉన్నాయనుకుంటారు. మొక్కకు కావాల్సిన రెండూ అందులో దాదాపు లేవు, అక్కర్లేనిది మాత్రం పుష్కలంగా ఉంది. సబ్బు బాగా నురగ వచ్చి, ఎంత కడిగినా చర్మం జారుడుగానే అనిపిస్తుంటే, కుళాయిల మీద తెల్లటి పొర పేరుకోవడం ఆగిపోయి ఉంటే అది సాఫ్ట్‌నర్ నీరని అనుమానించాలి. ఖాయం చేసుకోవాలంటే మొత్తం కాఠిన్యం కొలిచే చుక్కల కిట్ ఒకటి చాలు. కాఠిన్యం 0, 1 డిగ్రీల దగ్గర ఆగి, టీడీఎస్ మాత్రం 600 చూపిస్తుంటే ఇక వాదన అక్కర్లేదు.

ఇలాంటి నీళ్లలో అమెజాన్ స్వోర్డ్ అనే మొక్క కొత్త ఆకు విచ్చుకునే తీరు ఒక్కసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. పాత ఆకులు బాగానే ఉంటాయి, రంగు కూడా తగ్గదు. మధ్యలోంచి వచ్చే చిగురు మాత్రం నిటారుగా లేవకుండా కొసన కొక్కెంలా వంగుతుంది. అంచులు ముడుచుకుంటాయి, ఆకు పలక వెడల్పు కాదు. తర్వాతి చిగురు ఇంకా పొట్టిగా వస్తుంది. కాల్షియం మొక్క ఒంట్లో ఒకసారి కుదురుకుంటే అక్కడినుంచి కదలదు. పాత ఆకులో ఎంత నిల్వ ఉన్నా కొత్త చిగురుకు అందదు. అందుకే దెబ్బ అంతా లేత భాగం మీదే పడుతుంది. దీనికి సూక్ష్మపోషకాల సీసా మందు కాదు. సాఫ్ట్‌నర్‌కు ముందున్న పైపు నుంచి, చాలా అపార్ట్‌మెంట్లలో తోటకు నీళ్లు పెట్టే కుళాయి అదే, ఒక బకెట్ పట్టి ఆర్‌ఓ నీళ్లతో కలిపి వాడటం అన్నిటికంటే చవకైన పరిష్కారం. బోరు నీటి టీడీఎస్ 900, ఆర్‌ఓ నీటిది 50 అనుకుంటే, ఒక వంతు బోరుకు రెండు వంతుల ఆర్‌ఓ కలిపితే 330 చిల్లర వస్తుంది. మొక్కలకూ చేపలకూ అది హాయిగా సరిపోతుంది. బోరు నీరే ఉప్పు కారుతుంటే మాత్రం ఈ లెక్క పనిచేయదు.

పూర్తిగా ఆర్‌ఓ నీళ్లే పోసేవాళ్ల సమస్య దీనికి చుట్టమే. అందులో సోడియం పెద్దగా ఉండదు, మిగతా ఖనిజాలూ పెద్దగా ఉండవు. ఖనిజాల పొడి కలపకుండా వాడితే నెలలోపే ఇదే కొక్కెం చిగురు కనిపిస్తుంది. ఇక ఆర్‌ఓ మెషిన్ వదిలే వేస్ట్ నీళ్లు పారబోయడం ఇష్టంలేక తొట్టిలో పోసేవాళ్లున్నారు. పొదుపు మంచిదే గానీ, ఆ నీటిలో లవణాలన్నీ చిక్కబడి ఉంటాయి, గచ్చు కడగడానికే అవి మేలు. ఏసీ నుంచి కారే నీళ్ల సంగతి వేరే. అది దాదాపు వాన నీరంత చప్పగా ఉంటుంది. కాకపోతే రాగి గొట్టాలు, దుమ్ము పట్టిన రేకుల మీదుగా వస్తుంది కాబట్టి రొయ్యలున్న తొట్టిలో పోయకపోవడమే మంచిది.

వేసవిలో ఇంకో చిన్న మెలిక ఉంది. నీళ్లు ఆవిరైనప్పుడు లవణాలు ఆవిరి కావు. ఫ్యాన్ గాలి తగిలే రెండడుగుల తొట్టిలో రోజుకు లీటరు, లీటరున్నర నీరు తగ్గుతుంది. తగ్గినంతా బోరు నీళ్లతోనే నింపుతూ పోతే నెలాఖరుకు తొట్టి నీరు బోరు కంటే గట్టిపడుతుంది. తగ్గిన నీటి వరకు ఆర్‌ఓ, వారానికోసారి మార్చే నీటికి కలిపిన నీళ్లు అని రెండుగా పెట్టుకోవాలి.

ముదురు ఆకా, లేత ఆకా?

నీటి సంగతి తేలాకే ఆకుల దగ్గరికి రావాలి. రంగు కంటే ముందు చూడాల్సింది, దెబ్బ ఏ వయసు ఆకు మీద పడిందనేది. నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం మొక్కలో కదిలే పోషకాలు. అవి చాలకపోతే మొక్క ముదురు ఆకుల్లోంచి లాగి చిగురుకు పంపుతుంది. కింది ఆకులు చెడతాయి, పైభాగం కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఇనుము, కాల్షియం అలా కదలవు. అవి చాలకపోతే కింద బాగుండి పైన చెడుతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే పట్టికలో సగం తీసేయవచ్చు.

కింది ఆకు మొత్తం ఒకే రకంగా పసుపుబారి రాలిపోతుంటే నత్రజని. ఈనెలు ఆకుపచ్చగానే ఉండి మధ్య భాగం పాలిపోతే, అదీ ముదురు ఆకుల్లో అయితే, మెగ్నీషియం. అదే పాలిపోవడం లేత ఆకుల్లో అయితే ఇనుము. వినడానికి తేలికే. తొట్టి ముందు కూర్చుంటే ఇంత శుభ్రంగా కనిపించవు, రెండు మూడు కలిసి వస్తాయి.

పొటాషియం లోపాన్ని మాత్రం దగ్గర నుంచి చూస్తే పొరబడటం కష్టం. హైగ్రోఫిలా మొక్క కింది ఆకు ఒకటి తుంచి లైటుకు అడ్డంగా పట్టాలి. మొదట గుండుసూది మొన అంత చుక్కలు, లోపల కణాలు చచ్చి పారదర్శకంగా అయినవి, కనిపిస్తాయి. కొద్ది రోజులకు ఆ చుక్క చుట్టూ పసుపు వలయం ఏర్పడుతుంది. మధ్య భాగం గోధుమరంగుకు తిరిగి రాలిపోతుంది, అప్పటికి అది చిల్లు. నత్త తిన్న చిల్లుకు ఈ వలయం ఉండదు. గోల్డ్‌ఫిష్ కొరికినదైతే ఆకు అంచు నుంచే వంపుగా పోతుంది, మధ్యలో గుండ్రంగా పడదు. చిల్లులు చూడగానే నత్తల మీద నేరం మోపి, మందు పోసి వాటిని చంపడం, ఆ చచ్చిన నత్తలు కుళ్లి నీరు పాడవడం తరచూ జరిగేదే. ఇంటి తొట్టెల్లో పుట్టే చిన్న నత్తలు ఎక్కువగా చచ్చిన ఆకునే తింటాయి. అవి చేరాయంటే ఆకు అప్పటికే చెడిందని అర్థం.

చేపలు ఎక్కువగా ఉన్న తొట్టిలో ఈ లోపం రావడానికి ఒక కారణం ఉంది. చేపల మేత నుంచీ, వాటి వ్యర్థం నుంచీ నత్రజని, భాస్వరం దండిగా వస్తాయి, పొటాషియం ఆ దామాషాలో రాదు. ఎరువు వేయకపోయినా చేపలే చూసుకుంటాయి అన్న మాట అందుకే సగం నిజం.

ఇనుము విషయంలో చెన్నైకి సొంత చిక్కు ఒకటుంది. బోరు నీటి పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, చాలాచోట్ల 7.5 దాటి ఉంటుంది. ఆ పీహెచ్‌లో మామూలు ఇనుము నీటిలో కరిగి నిలవదు, తుప్పులా అడుగుకు దిగిపోతుంది. అందుకే ఎరువుల్లో దాన్ని వేరే అణువుతో కట్టి, అంటే కీలేట్ చేసి, ఇస్తారు. అందులో బాగా చవకైన ఈడీటీఏ రకం పీహెచ్ 7 దాటితే పట్టు వదిలేస్తుంది. డీటీపీఏ 7.5 దాకా ఓర్చుకుంటుంది. ఈడీడీహెచ్ఏ అంతకంటే పైన కూడా నిలుస్తుంది, కాకపోతే నీళ్లను ఎర్రగా చేస్తుంది. సీసా మీద ఇనుము అని రాసి ఉన్నా లేత ఆకు పాలిపోవడం ఆగలేదంటే మోతాదు రెట్టింపు చేసే ముందు అది ఏ రకమో చూడాలి. వేళ్లతో తినే అమెజాన్ స్వోర్డ్, క్రిప్ట్ లాంటి వాటికి ఇసుకలో గుచ్చే ఎరువు బిళ్లలు ఈ గొడవంతా తప్పిస్తాయి.

లోపంలా కనిపించే ఇతరాలు

కింది ఆకులు రాలడం అనగానే నత్రజని అనుకోవడం మామూలే. కాండం మొక్కలను గుత్తుగా, ఒకదాన్నొకటి రాసుకునేలా నాటితే కింది ఆకులకు వెలుతురు చేరదు, అవి రాలిపోతాయి. తేడా తెలుసుకోవాలంటే కణుపుల మధ్య దూరం చూడాలి. వెలుతురు చాలని మొక్క లైటు కోసం సాగుతుంది, కణుపులు దూరం దూరం అవుతాయి, పై ఆకులు పచ్చగానే ఉంటాయి. దానికి కత్తిరింపే మందు. గుత్తిని పలచన చేసి కొసలు తుంచి మళ్లీ నాటితే చాలు. లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు, అదీ టైమర్ మీద. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు చేపలకు చీకటిగా ఉంటుందని లైటు వేసే వెళ్లిపోతే, తిరిగొచ్చేసరికి తొట్టి పచ్చటి సూప్ అయిపోతుంది. వారం రోజులు మసక వెలుతురులో ఉంటే మొక్కలు చచ్చిపోవు.

కొత్తగా తెచ్చిన మొక్క మూడు వారాల్లో కరిగిపోతే అది రోగం కాకపోవచ్చు. నర్సరీల్లో చాలా అక్వేరియం మొక్కలను నీటి బయట, తేమ గాలిలో పెంచుతారు, త్వరగా ఎదుగుతాయి, నాచు పట్టదు. ఆ ఆకు గాలి కోసం తయారైంది. నీట ముంచితే దాన్ని వదిలేసి పలచటి నీటి ఆకులు కొత్తగా వేసుకోవాలి. ఈ మధ్యకాలంలో మొక్క చచ్చిపోయినట్టే ఉంటుంది. క్రిప్ట్ అయితే ఇసుక మీద ఒక్క ఆకు కూడా మిగలదు. పీకి పారేయకుండా వేరును వదిలేస్తే నెలలోపు చిగురేస్తుంది. అనుబియాస్, జావా ఫెర్న్‌లకు మాత్రం వేరే జాగ్రత్త ఉంది. ఆకులు పుట్టే దుంపను ఇసుకలో పాతకూడదు, రాయికో చెక్కకో దారంతో కట్టాలి. పాతితే దుంప మెత్తబడి వాసన వస్తుంది, ఇక దాన్ని ఏ ఎరువూ నిలబెట్టలేదు.

కొన్ని అసలు నీటి మొక్కలే కావు. లక్కీ బ్యాంబూ, సింగోనియం, పీస్ లిల్లీ, ఊదారంగు ముడతల ఆకులున్న హెమిగ్రాఫిస్, గడ్డిలా కనిపించే మాండో గ్రాస్ - ఇవన్నీ తొట్టి మొక్కల పేరుతో అమ్ముడవుతుంటాయి. నీటిలో మూడు నాలుగు నెలలు నిలబడతాయి, అదే ఇబ్బంది. వారంలో చచ్చిపోతే కొన్నవాళ్లు అమ్మినవాళ్లను అడుగుతారు. నాలుగో నెలలో మొదలు కుళ్లితే తమ పెంపకాన్నే తప్పు పట్టుకుంటారు. సింగోనియం, లక్కీ బ్యాంబూలను వేళ్లు మాత్రమే నీటిలో ఉండేలా తొట్టి అంచున పెడితే భేషుగ్గా పెరుగుతాయి, నీటిలోని నైట్రేట్‌ను కూడా లాగేస్తాయి.

చేపలకు చేసిన వైద్యం కూడా మొక్కలను పాడుచేస్తుంది. చేప ఒంటి మీద తెల్ల చుక్కలు కనబడగానే గుప్పెడు కల్లుప్పు, నాలుగు చుక్కల నీలి మందు పోసేయడం అందరికీ తెలిసిన చిట్కా. చేప బతుకుతుంది, పది రోజులకు మొక్కలు కరుగుతాయి. ఆ రెండింటికీ సంబంధం ఉందని అప్పటికి ఎవరికీ తట్టదు. వైద్యం వేరే బకెట్‌లో చేయాలి. 'లిక్విడ్ కార్బన్' పేరుతో వచ్చే సీసాల్లో చాలావాటిలో ఉండేది గ్లూటరాల్డిహైడ్, ఆసుపత్రుల్లో పరికరాలను క్రిమిరహితం చేయడానికి వాడే రసాయనం. నాచును చంపుతుంది, నిజమే. వాలిస్నేరియా మొక్కను, మాస్ (moss) రకం మొక్కలను కూడా అంతే తేలిగ్గా చంపుతుంది.

ఇసుక గురించి రెండు మాటలు. బీచ్ నుంచి తెచ్చిన ఇసుకలోనూ, పాలరాతి ముక్కల్లోనూ సున్నం ఉంటుంది, నీటిని రోజూ కొద్దికొద్దిగా గట్టిపరుస్తుంది. చారెడు ఇసుక మీద వెనిగర్ పోస్తే బుసబుసమంటే దాన్ని వాడొద్దు. బాగా మందంగా పరిచిన సన్నటి ఇసుకలో గాలి ఆడక కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, పీకిన వేళ్లు నల్లగా ఉంటాయి. వేలితో అప్పుడప్పుడూ కదిలిస్తే పోతుంది.

కార్బన్, మే నెల

నీటిలో వాయువులు కదిలే వేగం గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు తక్కువ. మామూలు తొట్టి నీటిలో గాలి నుంచి కరిగే కార్బన్ డయాక్సైడ్ లీటరుకు అర మిల్లీగ్రాము చుట్టుపక్కల మాత్రమే. సిలిండర్ పెట్టి గ్యాస్ ఇచ్చేవాళ్లు దీన్ని 20 నుంచి 30 దాకా తీసుకెళ్తారు. ఈ రెండింటి మధ్య దూరమే వీడియోల్లో కనిపించే తోటకూ ఇంట్లో తొట్టికీ ఉన్న తేడా. గ్యాస్ లేకుండా లైటు మాత్రం పెద్దది కొంటే మొక్క ఆకలి పెరుగుతుంది, తిండి పెరగదు. కొసలు గిడసబారతాయి, పాత ఆకుల అంచుల మీద నల్లటి బ్రష్ లాంటి నాచు పడుతుంది. అలాంటి చోట ఖర్చు లేని పని లైటు తగ్గించడం. చాలా తొట్టెల్లో ఈ ఒక్క పనితో సగం టెన్షన్ తీరిపోతుంది, అయినా ఎవరూ చేయరు, ఎందుకంటే లైటు తగ్గిస్తే తొట్టి అందంగా కనిపించదు.

గట్టి నీళ్లున్న ఇళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ లాంటివి కార్బన్ డయాక్సైడ్ చాలనప్పుడు నీటిలోని బైకార్బనేట్ నుంచి కార్బన్ తీసుకోగలవు. బోరు నీటిలో అది దండిగా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక హైడ్రిల్లా ఆకును వేళ్ల మధ్య రాస్తే గరుకుగా, సన్నటి సున్నం పొర తగులుతుంది. బైకార్బనేట్‌ను వాడుకున్నాక మిగిలిన కాల్షియం ఆకు మీదే సున్నంగా దిగుతుంది. అది రోగం కాదు, మొక్క చక్కగా పనిచేస్తోందనడానికి గుర్తు. తోమి తీసేయాల్సిన పని లేదు. మాస్‌లకు మాత్రం ఈ శక్తి లేదు, బోరు నీళ్లలో వాటి పరిస్థితి అంతంతమాత్రమే.

మే నెలలో ఏసీ లేని గదిలో తొట్టి నీరు 32 డిగ్రీలు దాటుతుంది. వేడికి మొక్క శ్వాస పెరుగుతుంది. పగలు తయారుచేసుకున్న ఆహారంలో ఎక్కువ భాగం అలాగే ఖర్చయిపోతుంది. నీటిలో నిలిచే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా కరిగేది 32 దగ్గర 7.3 కే పరిమితమవుతుంది. గ్యాస్ ఇచ్చే తొట్టెల్లో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం ఈ నెలల్లోనే ఎక్కువ. రాత్రి గ్యాస్ ఆపి ఎయిర్ పంపు వేయడం అప్పుడు తప్పనిసరి. నీటి మీదుగా వీచేలా చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఉక్క ఎక్కువగా ఉన్న రోజున అంత దిగదు. ఈ కాలంలో ఎరువు మోతాదు తగ్గించాలే గానీ, మొక్క నీరసంగా ఉందని పెంచకూడదు.

పొలం ఎరువు తొట్టిలోకి

సొంతూళ్లో వ్యవసాయం ఉన్నవాళ్లకు 13-0-45, 0-52-34 పేర్లు (అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) కొత్త కాదు. నీటిలో కరిగే ఈ ఎరువులే చాలా ఖరీదైన సీసాల్లోనూ ఉండేవి. 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్. 100 లీటర్లకు 1 గ్రాము వేస్తే నైట్రేట్ లీటరుకు 6 మిల్లీగ్రాములు, పొటాషియం 4 మిల్లీగ్రాముల లోపు పెరుగుతాయి. మామూలు రెండడుగుల తొట్టిలో ఇసుక, రాళ్లు పోగా నీరు 50 లీటర్లే ఉంటుంది, కాబట్టి అక్కడ అర గ్రాముకే ఆ ఫలితం వస్తుంది. చెంచాతో కాకుండా నగల తూకం లాంటి చిన్న కాటాతో తూచాలి. మెగ్నీషియానికి ఎప్సం సాల్ట్ ఉంది, 100 లీటర్లకు 1 గ్రాముతో సుమారు 1 మిల్లీగ్రాము వస్తుంది.

కానీ ఊళ్లో మావయ్య ఇచ్చాడని 19-19-19 తెచ్చి వేయడం మాత్రం ప్రమాదం. అందులో నత్రజని పెద్ద భాగం యూరియా, అమ్మోనియం రూపంలో ఉంటుంది. అమ్మోనియా ఎంత విషమనేది పీహెచ్, వేడి మీద ఆధారపడుతుంది. పీహెచ్ 7, 25 డిగ్రీల నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది అర శాతం పైచిలుకే. పీహెచ్ 8, 30 డిగ్రీల దగ్గర అది 7 శాతం దాటుతుంది. బోరు నీళ్లు, వేసవి ఉన్న తొట్టిలో ఈ రెండో లెక్కే వర్తిస్తుంది. మొక్కకు ప్రాణం పోయాలని వేసిన చిటికెడు తెల్లారేసరికి చేపల ప్రాణం తీయవచ్చు.

ఏ మార్పు చేసినా ఒక్కటే చేసి రెండు వారాలు ఆగాలి. చెడిన ఆకు తిరిగి బాగవదు, పసుపు పచ్చబడదు, చిల్లు పూడదు. దాన్ని చూస్తూ మందు పనిచేయలేదనుకోవడం వృథా. మార్పు తర్వాత పుట్టిన ఆకు ఎలా వచ్చిందన్నదే లెక్క. ఆ రోజు ఉన్న చివరి ఆకు కింద కాండానికి దారం ముక్క వదులుగా కడితే, రెండు వారాలకు దాని పైన ఉన్నవన్నీ కొత్త నీటి ఆకులని తెలుస్తుంది. దారం కింద ఉన్న చెడ్డ ఆకుల్ని అప్పుడు కత్తిరించేయవచ్చు. నాచుకు అవే మొదటి మకాం.

ఇంత చేసినా కొన్ని మొక్కలు కొన్ని ఇళ్లలో పెరగవు, అందులో పెంచేవాళ్ల తప్పేమీ లేదు. బోరు నీళ్ల ఇంటికి వాలిస్నేరియా, హార్న్‌వర్ట్, హైగ్రోఫిలా, మన బ్రాహ్మీ ఆకే అయిన బకోపా సరిపోతాయి. నీటి రకం తరచూ మారకుండా చూసుకోగలిగితే క్రిప్ట్‌లు కూడా నిలుస్తాయి. పశ్చిమ కనుమల వాగుల్లో పుట్టినా రోటాలా మకాండ్రా మాత్రం గట్టి నీటికీ వేడికీ లొంగదు. అలాంటివి, మాస్‌లు కొనాలనుకునేవాళ్లు నవంబరు దాకా ఆగడం మేలు. అప్పటికి తొట్టి నీరు 26, 27 డిగ్రీలకు దిగుతుంది, ఈశాన్య రుతుపవనాల వానకు జలాశయాలు నిండి సంపులో బోరు వాటా కూడా తగ్గుతుంది.